రాజుల లోయ వెనక పనివాళ్ల ఊరు

లక్సర్‌లో ఏ గైడును కదిపినా మొదట చెప్పే మాట ఒకటే. నైలుకు తూర్పు ఒడ్డు బతికున్నవాళ్లది, పడమటి ఒడ్డు చనిపోయినవాళ్లది. సూర్యుడు పొడిచే వైపు గుళ్లూ ఊళ్లూ, కుంగే వైపు సమాధులూ అని. వినడానికి బాగుంటుంది. సగం నిజం కూడా. కర్నాక్, లక్సర్ ఆలయాలు తూర్పునే ఉన్నాయి, ఫారోల సమాధులు పడమటి కొండల్లోనే ఉన్నాయి. అయితే ఆ కొండల నడుమే, ఆ సమాధులను తొలిచిన పనివాళ్లు పెళ్లాంబిడ్డలతో నాలుగు వందల ఏళ్లకు పైగా కాపురాలు చేసిన ఊరొకటి ఉంది. దాని పేరు దేర్ ఎల్ మెదీనా. టూరిస్టు బస్సుల్లో చాలా వరకు అక్కడ ఆగవు.

మేం వెళ్లింది జనవరిలో. నేనూ, మా బావగారూ. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఏ దేశం వెళ్లినా ముందు కాలవలు చూస్తారు, తర్వాతే కట్టడాలు. రేవులో మమ్మల్ని చూడగానే "ఇండియా? అమితాబ్ బచ్చన్!" అంటూ చుట్టుముట్టిన పడవవాళ్లను తప్పించుకుని, ఊరి జనం ఎక్కే లాంచీలోనే అవతలి ఒడ్డుకు చేరాం. పొద్దున పూట చలి బాగానే ఉంది. కొండల మీదుగా బెలూన్లు లేస్తున్నాయి. రోడ్డుకు రెండు పక్కలా చెరుకు తోటలు, ఆ చెరుకు మోసే చిన్న రైలు పట్టాలు, గాడిద బళ్ల మీద పచ్చగడ్డి మోపులు. ఒకచోట ఆ పచ్చదనం ఉన్నట్టుండి తెగిపోతుంది. ఒక అడుగు ఇవతల చెరుకు, ఒక అడుగు అవతల ఇసుక. "వరద నీళ్లు ఎంతవరకు వచ్చేవో అంతవరకే పొలం," అన్నారు బావగారు. పొలం పాడవకుండా శవాలను ఎడారిలో పెట్టుకున్నారన్నది కూడా ఆయన లెక్కే. నాకది సబబుగానే తోచింది.

రాజుల లోయ చూడ్డానికి లోయలా ఉండదు, ఎండిపోయిన వాగులా ఉంటుంది. చెట్టు లేదు, గడ్డి పరక లేదు. తలెత్తితే అల్ ఖుర్న్ అనే శిఖరం కనిపిస్తుంది. అది చూడ్డానికి అచ్చం పిరమిడ్‌లా ఉంటుంది. గీజాలో ఖుఫూ పిరమిడ్ కట్టిన వెయ్యేళ్లకు ఈజిప్టు రాజులు పిరమిడ్లు మానేసి ఇక్కడికి ఎందుకొచ్చారన్నదానికి ఈ శిఖరం సగం జవాబు. మిగతా సగం దొంగలు. 146 మీటర్ల ఎత్తున సమాధి కడితే అది 'బంగారం ఇక్కడుంది' అని చాటింపు వేసినట్టే. మొదటి థుట్మోస్ రాజుకు సమాధి తవ్వించిన ఇనేని అనే అధికారి, ఆ పనిని ఎవరూ చూడకుండా, ఎవరూ వినకుండా తానొక్కడే దగ్గరుండి చేయించానని తన సమాధి గోడ మీద గొప్పగా రాయించుకున్నాడు. గొప్ప చెప్పుకున్నాడు గానీ రాయి కొట్టిన కూలీలను లెక్కలోకి తీసుకోలేదు. వాళ్లూ చూశారు కదా, విన్నారు కదా!

లోయలో ఇప్పటికి అరవైకి పైగా సమాధులు బయటపడ్డాయి. మామూలు టికెట్‌తో మూడు చూడొచ్చు. టుటన్‌ఖామున్‌కూ, మొదటి సేతికీ, ఆరో రామ్సెస్‌కూ వేరే టికెట్లు. గైడ్లు లోపల ఉపన్యాసం ఇవ్వకూడదని నియమం ఉంది కాబట్టి, బయట నీడలో నిలబెట్టి బొమ్మల అట్టలు చూపించి పాఠం చెప్పి లోపలికి పంపుతారు. ఇది మేలే. లోపల మనిషి గొంతు లేకుండా చూసే వీలు దొరుకుతుంది.

మొదట మూడో థుట్మోస్ దగ్గరికి వెళ్లాం. క్రీ.పూ. 1425 ప్రాంతంలో చనిపోయిన రాజు. ఆయన సమాధి ద్వారం కొండ చీలికలో పైన ఎక్కడో ఉంటుంది. ఇనుప మెట్లెక్కి, మళ్లీ రాతి మెట్లు దిగి, మధ్యలో ఒక గొయ్యి దాటి వెళ్లాలి. దిగుతున్నకొద్దీ ఉక్క. బయట చలికి వేసుకున్న స్వెట్టరు లోపల చెమటకు తడిసిపోయింది. చివర్న ఉన్న శవగృహానికి మూలలు లేవు, కోలగా ఉంటుంది. ఫారోల పేర్ల చుట్టూ ఒక కోలగీత గీస్తారే, గది గదే ఆ ఆకారంలో తొలిచారు. రాజు తన పేరులోనే పడుకున్నాడన్నమాట.

గోడల మీద రంగుల హంగామా ఉంటుందనుకున్నాం. లేదు. లేత గోధుమరంగు పూత మీద నలుపు, ఎరుపు సిరాతో చకచకా గీసిన పుల్లల బొమ్మలు. మనుషులు, పాములు, పడవలు. పెద్ద పపైరస్ చుట్టను విప్పి గోడకు అంటించినట్టే ఉంది, కావాలనే అలా గీశారు. అది అమ్దువాత్ అనే గ్రంథం. సాయంత్రం పడమటి కొండల్లో దిగిన సూర్యుడు మళ్లీ తెల్లవారేలోగా భూమి అడుగున పన్నెండు గంటల పాటు చేసే ప్రయాణం అందులో ఉంది. ఒక్కో గంటకు ఒక్కో సీమ, ఒక్కో ద్వారం, పేర్లతో సహా దేవతలు. ముందు గదిలో ఆ దేవతలనే వరసగా పట్టికలా రాశారు, మొత్తం 741 మంది. రాజు చనిపోగానే సూర్యుడి పడవ ఎక్కాలి. నడిరాత్రి వేళ సూర్యుడు మృతుల దేవుడైన ఒసిరిస్ శవంతో కలిసి మళ్లీ జీవం పోసుకుంటాడు. ఏడో గంటలో అపోఫిస్ అనే మహాసర్పం దారికి అడ్డం పడుతుంది. దాన్ని కట్టి, పొడిచి, దాటితే పన్నెండో గంటలో పేడపురుగు రూపంలో సూర్యుడు బయటికొస్తాడు. ఇదంతా ఒకసారితో అయిపోయేది కాదు. రోజూ రాత్రి, లోకం ఉన్నంతకాలం.

నాకు అక్కడ అర్థమైందేమంటే, ఈజిప్టు రాజుకు స్వర్గం అంటే విశ్రాంతి కాదు, ఉద్యోగం. రాత్రిపూట డ్యూటీ. రాజు ఆ పని చేస్తేనే కింద జనానికి తెల్లవారుతుంది. సమాధి అన్నది ఆ దారి మరిచిపోకుండా గోడల మీద రాసి ఇచ్చిన పటం.

అక్కడే ఒక స్తంభం మీద చిన్న బొమ్మ ఉంది. చెట్టు. దాని కొమ్మ నుంచి ఒక రొమ్ము, ఒక చెయ్యి. ఆ చెయ్యి పట్టుకుని రాజు పాలు తాగుతున్నాడు. పదిహేడు దండయాత్రలు చేసిన రాజు! పక్కన ఆయన తల్లి పేరు ఐసిస్ అని రాసి ఉంది, దేవత పేరూ అదే. కావలి మనిషి గలాబియా అనే పొడవాటి అంగీ జేబులోంచి టార్చి తీసి దాని మీద వెలుగు పడేశాడు, వెంటనే రెండో చెయ్యి చాపాడు. బక్షీస్ ఇచ్చాం. ఆ డబ్బు దండగ కాలేదు.

తర్వాత ఆరో రామ్సెస్ సమాధి. ఇది మూడు వందల ఏళ్ల తర్వాతిది, దీని పోకడే వేరు. దారి విశాలం, ఏటవాలు తక్కువ, కొండలోకి నూరు మీటర్లకు పైగా తిన్నగా సాగుతుంది. అడుగడుగునా రంగులే. గ్రీకు, రోమన్ కాలపు యాత్రికులు అప్పుడే ఇక్కడికొచ్చి గోడల మీద తమ పేర్లు గీకి పోయారు. వెయ్యికి పైనే ఉన్నాయట ఆ రాతలు. మన కోటల గోడల మీద ప్రేమికుల పేర్లు చూసి విసుక్కునే నాకు, రెండు వేల ఏళ్ల నాటివి కాబట్టి వీటిని గౌరవంగా చూడాల్సి వచ్చింది. చివరి గది కప్పు చూడ్డానికి మెడ పూర్తిగా వెనక్కి వాల్చాలి. నల్లటి ఆకాశం మీద పసుపుపచ్చని ఆకాశదేవత నూత్, వీపుకు వీపు ఆనించి రెండు మార్లు, గది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగి ఉంది. సాయంత్రం ఆమె నోట్లోకి ఎర్రటి బిళ్లలా సూర్యుడు వెళ్తాడు. ఒంటి పొడవునా అలాంటి బిళ్లలే వరసగా కనిపిస్తాయి. పొద్దున ఆమె కని బయటికి పంపుతుంది. కింద, ముక్కలైన రాతి పేటిక. పగలగొట్టింది దొంగలు.

ఈ సమాధి తొలిచినప్పటి రాళ్లు, పనివాళ్ల గుడిసెలే కిందున్న ఓ చిన్న సమాధి ద్వారాన్ని కప్పేశాయి. అందువల్లే 1922 నవంబరు 4న పురావస్తు పరిశోధకుడు హోవర్డ్ కార్టర్ మనుషులకు మొదటి మెట్టు తగిలేదాకా టుటన్‌ఖామున్ అక్కడున్నట్టు ఎవరికీ తెలియలేదు. వేరే టికెట్ కొని అందులోకీ దిగాం. నాలుగే నాలుగు గదులు. పందొమ్మిదేళ్లు నిండీ నిండకుండా పోయిన కుర్రవాడు, సమాధి సిద్ధం కాలేదు, ఉన్నదాంట్లో సర్దేశారు. బొమ్మలున్నది ఒక్క గదిలోనే. ఓ గోడ మీద రాత్రి మొదటి గంటను సూచిస్తూ పన్నెండు కోతులు బుద్ధిగా కూర్చుని ఉంటాయి. సామాన్లు వెళ్లి కైరో చేరాయి. మనిషి మాత్రం ఇక్కడే, అద్దాల పెట్టెలో, మెడ నుంచి చీలమండల దాకా దుప్పటి కప్పుకుని ఉన్నాడు. నల్లటి చిన్న మొహం. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో నిజాం కాలంలో వచ్చి చేరిన మమ్మీని బళ్లో చదువుకునే రోజుల్లో భయంభయంగా చూసినవాణ్ని. అది ఈ కుర్రవాడి కంటే వెయ్యేళ్లు తర్వాతిది. ఇప్పుడు భయం వెయ్యలేదు. కానీ అక్కడ ఎక్కువసేపు నిలబడాలనీ అనిపించలేదు.

శవం ఎందుకు చెడకూడదన్నది మనకు కొంచెం కొత్త సంగతి. మనం దేహాన్ని కాల్చేసి, ఆత్మ దాని దారి అది చూసుకుంటుందనుకునే జనం. వాళ్లకు 'బా' అనే అంశ మనిషి తల ఉన్న పిట్టలా పగలంతా తిరిగి రాత్రికి దేహం మీద వాలాలి. 'కా' అనే అంశకు రొట్టె, బీరు అందాలి. దేహం లేకపోతే వాలడానికి చోటుండదు. అందుకే డెబ్భై రోజుల సంస్కారం. ఊపిరితిత్తులు, కాలేయం, పొట్ట, పేగులు తీసి నాలుగు జాడీల్లో పెట్టేవాళ్లు. మెదడును ముక్కులోంచి లాగి పారేసేవాళ్లు, దానికి ఏ విలువా లేదు. నాట్రాన్ అనే ఉప్పులో ఒంటిని ఆరబెట్టేవాళ్లు. గుండెను మాత్రం ఉన్నచోటే ఉంచేవాళ్లు. ఆలోచన, జ్ఞాపకం, చేసిన పనుల లెక్క అన్నీ గుండెలోనే ఉంటాయని వాళ్ల నమ్మకం. ఒసిరిస్ సభలో ఆ గుండెనే త్రాసులో వేసి, సత్యదేవత మాత్ ఈకతో తూస్తారు. నక్క తల ఉన్న అనుబిస్ తూకం చూస్తాడు, కొంగ తల ఉన్న థోత్ రాసుకుంటాడు. బరువెక్కువైతే మొసలి తల, సింహం జూలు, నీటిగుర్రం వెనక భాగం ఉన్న అమ్మిత్ పక్కనే నోరు తెరుచుకుని కూర్చుని ఉంటుంది. మింగేస్తుంది, మనిషి ఇక లేనట్టే.

ఆ సభలో 42 మంది దేవతల ముందు, ఫలానా తప్పు నేను చెయ్యలేదు అని ఒక్కొక్కటిగా చెప్పుకోవాలి. మృతుల గ్రంథం అనే మంత్రాల సంకలనంలోని ఈ జాబితాల్లో దొంగతనం, హత్య, తప్పుడు తూకంతో పాటు పారే నీటికి అడ్డుకట్ట వెయ్యడం కూడా ఉందని గైడు చెప్పాడు. బావగారి మొహం వెలిగిపోయింది. "ఏమోయ్, విన్నావా? మా కాలవల కింద ఉండే పెద్దమనుషుల్లో ఒక్కడూ ఆ త్రాసు దాటడు!" అయితే దీనికీ వాళ్లు మందు కనిపెట్టారు. యజమానికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పొద్దని గుండెను బతిమాలే మంత్రం ఒకటుంది. దాన్ని పేడపురుగు ఆకారంలో చెక్కిన రాతి మీద రాసి మమ్మీ రొమ్ము మీద పెట్టేవాళ్లు. చిత్రగుప్తుడి దగ్గర మనకు ఈ వెసులుబాటు లేదు.

మధ్యాహ్నం దేర్ ఎల్ మెదీనాకు వెళ్లాం. మా కారు తప్ప ఇంకో వ్యాను మాత్రమే ఉంది అక్కడ. రెండు కొండల మధ్య, మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా మిగిలిన రాతి గోడలు. నడిమధ్య ఒకే ఒక వీధి. దాని రెండు పక్కలా గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్లు, ఊరి గోడ లోపల దాదాపు డెబ్భై. ముందు గది, దాని వెనక స్తంభం ఉన్న గది, ఆ వెనక వంటిల్లు, నేలమాళిగ, డాబా మీదికి మెట్లు. ఊళ్లో బావి లేదు. నీళ్లు గాడిదల మీద రావలసిందే. బావగారు గోడల మధ్య అడుగులు వేసుకుంటూ, "క్వార్టర్లు బాగానే ఇచ్చారు, నీళ్లే ఇవ్వలేదు," అన్నారు.

వాళ్ల వారం పది రోజులు. పని రోజుల్లో కొండ మీద కట్టుకున్న రాతి గుడిసెల్లో పడుకుని, సెలవుకు ఇంటికి దిగేవాళ్లు. ఊరి పక్కనే ఉన్న పెద్ద గోతిలోంచీ, ఊరి చెత్తలోంచీ రాతి పలకలు, పెంకు ముక్కలు వేలకొద్దీ దొరికాయి. వాటి మీద చాకలి పద్దులు, అప్పు పత్రాలు, మొగుడూ పెళ్లాల తగాదాలు, పిల్లలు దిద్దిన అక్షరాలు. రెండో రామ్సెస్ నలభయ్యో ఏడుకు చెందిన పలక ఒకటి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అది హాజరుపట్టీ. నలభై మంది పనివాళ్లలో ఎవరు ఏ రోజు రాలేదో, ఎందుకు రాలేదో నల్ల సిరాతో, ఎర్ర సిరాతో రాశారు. ఒకణ్ని తేలు కుట్టింది. ఒకడికి కళ్ల జబ్బు. ఒకడు బీరు కాచుకుంటున్నాడు. ఒకడు తల్లి శవానికి గుడ్డలు చుడుతున్నాడు. ఇంట్లో ఆడవాళ్లు ముట్టయ్యారని రానివాళ్లున్నారు. పై అధికారి సొంత పనికి రాళ్లు మోయడానికి పోయినవాళ్లూ ఉన్నారు! లోయలో 741 మంది దేవతల పట్టిక రాసిన చేతులకూ, ఈ పట్టీ రాసిన చేతులకూ ఒకే బడిలో అక్షరాభ్యాసం అయ్యుంటుంది.

జీతం డబ్బు కాదు, ధాన్యం. క్రీ.పూ. 1157 ప్రాంతంలో, మూడో రామ్సెస్ ఏలుబడి ఇరవై తొమ్మిదో ఏట, ఆ ధాన్యం రావడం ఆగిపోయింది. పనివాళ్లు ఉలులు కింద పెట్టి, కాపలా గోడలు దాటుకుని నడిచెళ్లి ఒక గుడి వెనక బైఠాయించారు. ఆ గుడి ఎవరిదనుకున్నారు? పొద్దున మేం చూసొచ్చిన మూడో థుట్మోస్‌దే. ఆకలితో వచ్చాం, బట్టల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరల్లేవు, రాజుగారికి రాయండి అని వాళ్ల మొర. ఇది రాసిన పపైరస్ ఇటలీలో టూరిన్ మ్యూజియంలో ఉంది. చరిత్రలో రాతపూర్వకంగా దొరికిన మొట్టమొదటి సమ్మె ఇదే. ధాన్యం ఇచ్చారు, మళ్లీ ఆపారు, మళ్లీ సమ్మె కట్టారు. ఆ కథ మనకు కొత్తదేమీ కాదు.

ఊరికి పైన కొండవాలులో వాళ్ల సొంత సమాధులున్నాయి. సెన్నెజెమ్ అనే పనివాడిది 1886లో చెక్కుచెదరకుండా బయటపడింది. లోపల ఇరవై మంది, అంటే ఇంటిల్లిపాదీ. ఆ పేటికలూ సామాన్లూ కైరో నుంచి న్యూయార్క్ దాకా చెల్లాచెదురయ్యాయి. బొమ్మలు మాత్రం గోడల మీదే ఉన్నాయి. నిటారు మెట్లు దిగి, నడుం వంచి, గూనివాళ్లలా దూరాం. ఐదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు. ఒక బెడ్రూమంత. కానీ ఆ రంగులు! నిన్న సాయంత్రం తడారినట్టున్నాయి. పసుపు మీద పసుపు.

తూర్పు గోడ మీద పరలోకపు పొలం. నాలుగు వైపులా నీలి కాలవ. పై వరసలో సెన్నెజెమ్ కొడవలితో గోధుమ వెన్నులను మాత్రం కోస్తున్నాడు, గడ్డి జోలికి పోవట్లేదు. వెనకే భార్య ఇనెఫెర్తి బుట్టలో ఏరుకుంటోంది. కింది వరసలో మచ్చల ఆవుల అరకతో అతను దున్నుతుంటే ఆమె విత్తనం చల్లుతోంది. ఇద్దరి ఒంటి మీదా మడతలు నలగని తెల్లటి పండగ బట్టలు. మట్టి మరక లేదు. ఆ లోకంలో బార్లీ ఐదు మూరలు పెరుగుతుందని మృతుల గ్రంథం చెబుతుంది. బావగారు చాలాసేపు కాలవనే చూశారు. "తూము ఎక్కడా లేదోయ్," అన్నారు చివరికి. "వరదా కరువూ లేనిచోట తూమెందుకు బావగారూ?" అన్నాను. ఒప్పుకోలేదు. "నీళ్లున్నాక తూముండాల్సిందే."

జీవితమంతా రాజు కోసం పాములనూ ద్వారాలనూ గోడల మీద నిలబెట్టిన మనుషులు, తమ కోసం గీసుకున్నది ఇదీ. పక్కనే, వేరే టికెట్ మీద చూడగలిగే పషెదు సమాధిలో, ఆ ఇంటాయన ఈతచెట్టు కింద మోకాళ్ల మీద వంగి చెరువు నీళ్లు తాగుతుంటాడు. గాడిద మీద నీళ్లు తెప్పించుకున్న ఊరివాడికి అంతకంటే స్వర్గం ఏముంటుంది? రాజు పొలం పని తప్పించుకోవడానికి ఉషెబ్తీలనే చిన్న బొమ్మలను వెంట తీసుకెళ్లాడు. పరలోకంలో వెట్టికి పిలుపొస్తే యజమాని బదులు అవి పలకాలి. టుటన్‌ఖామున్ సమాధిలో అలాంటివి 413. రోజుకొకటి చొప్పున 365, వాటిమీద మేస్త్రీలు 36, నెలకొకటి చొప్పున ఇంకో 12. చనిపోయాక కూడా మేస్త్రీలు లేకుండా పని జరగదని రాజుకు ఇక్కడి అనుభవమే చెప్పి ఉంటుంది.

తర్వాతి కథ దొంగతనాలది. క్రీ.పూ. 1110 ప్రాంతంలో ఆమెన్‌పనుఫెర్ అనే రాళ్ల పనివాడు పట్టుబడి, సోబెకెమ్‌సాఫ్ రాజు సమాధికి కన్నం వేసి మమ్మీల ఒంటి మీది బంగారం ఒలుచుకుని పేటికలకు నిప్పుపెట్టామని ఒప్పుకున్నాడు. ఎనిమిది మంది, తలా 20 దెబెన్‌ల (దెబెన్ అప్పటి తూకం) బంగారం. అంతకుముందు ఒకసారి పట్టుబడితే తన వాటా గుమస్తాకు లంచమిచ్చి బయటపడ్డాడు. మిగతా దొంగలు తమ వాటాల్లోంచి తీసి అతనికి మళ్లీ సర్దారు. ఆ వాంగ్మూలంలో పై సగం 1935లో బ్రస్సెల్స్‌లో ఓ చెక్కబొమ్మ కడుపులో దొరికింది. ఆ రోజుల్లోనే దేర్ ఎల్ మెదీనా పనివాళ్లలో కొందరూ దొరికిపోయారు. చివరికి పూజారులే రాజుల శవాలను ఎత్తుకెళ్లి, మిగిలిన బంగారం తామే వలిచి, కొండ బొరియల్లో దాచారు. 1881లో అలా దాచిన గుట్ట బయటపడింది. రెండో రామ్సెస్, మొదటి సేతి, మూడో థుట్మోస్ అందరూ అందులోనే. ఓడలో కైరోకు తీసుకెళ్తుంటే ఒడ్డున ఊళ్ల ఆడవాళ్లు జుట్టు విరబోసుకుని ఏడ్చారని అప్పటి పురావస్తు అధికారి మాస్పెరో రాశాడు. ఇప్పుడు వాళ్లుండేది కైరోలోని నాగరికతా మ్యూజియంలో. 2021 ఏప్రిల్ 3న 22 మందిని ఊరేగింపుగా అక్కడికి తరలించారు.

లక్సర్ వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదీ. ఒక్కపూటే ఉంటే టుటన్‌ఖామున్ టికెట్ కొనకండి. అతని బంగారమంతా కైరో పక్కనున్న గీజాలో చూడొచ్చు. లోయలో మూడో థుట్మోస్, ఆరో రామ్సెస్ సమాధులు చూసి నేరుగా దేర్ ఎల్ మెదీనాకు వెళ్లండి. మూడో థుట్మోస్ మెట్లు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం, వాళ్లు అది వదిలేసినా పరవాలేదు. సెన్నెజెమ్ మాత్రం వదలొద్దు. ప్యాకేజీ టూర్లో ఆ పేరు ఉండదు, డబ్బు కట్టేముందే అడిగి రాయించుకోండి.